కుక్కల సిస్టరు వాళ్ల నాన్న

కుట్ల మేస్త్రి అంటే ఆ పేటలో తెలియనివాళ్లు లేరు. అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో అని వెనకాల నవ్వుకునేవాళ్లు. పెద్దాసుపత్రి ఆపరేషన్ థియేటర్లో సహాయకుడిగా చేరి, డాక్టర్ల పక్కన నిలబడి నిలబడి, చివరికి "కోసేది మేమే గానీ, పైకుట్టు మాత్రం మేస్త్రి వెయ్యాల్సిందే" అని వాళ్ల నోటే అనిపించుకున్న ఘనుడు. రిటైరైపోయినా ఆ చెయ్యి ఊరుకుంటేనా! కూరలు తరుగుతూ వేలు కోసుకున్న ఇల్లాలూ, సైకిలు మీంచి పడి మోకాలు చీల్చుకున్న కుర్రాడూ, ఆసుపత్రి దాకా ఎందుకులే అని ఈయన గుమ్మమే ఎక్కేవాళ్లు. వీధిలో నడుస్తుంటే ఎదురొచ్చిన వాళ్ల కళ్లలోకి చూడడు. గడ్డాలూ నుదుళ్లూ మోచేతులూ చూస్తాడు. ఫలానా మచ్చ తనదేనని గుర్తుపట్టి లోలోపల మురిసిపోతాడు. పొగరు కాస్త ఎక్కువే అనుకోండి. పనితనం ఉన్నవాడికి పొగరుంటే తప్పేమిటి, లేనివాడికి ఉంటేనే కదా ఇబ్బంది!

అంతటి మనిషికీ ఒక ముల్లు గుచ్చుకుని ఉంది. ఆ ముల్లు కన్నకూతురే.

కూతురు అదే ఆసుపత్రిలో నర్సు. తండ్రి చెయ్యే వచ్చిందని అందరూ అన్నారు. థియేటర్లోకి రమ్మని పైవాళ్లు పిలిచారు కూడా. ఆమె వెళ్లలేదు. ఆసుపత్రి వెనకవైపు, సైకిళ్ల షెడ్డు పక్కన, కుక్కకాటు గది అని ఒకటుంది. కోరి కోరి ఆ గది అడిగి వేయించుకుంది. ఆ రోజు మేస్త్రి అన్నం తినలేదు. "కుక్కకాటుకి చెప్పుదెబ్బ అన్నారు పెద్దలు. దానికి కూడా ఒక నర్సు కావాలిటే?" అని ఎగతాళి చేశాడు. ఆమె నవ్వి ఊరుకుంది. పెళ్లి మాటెత్తినా అలాగే నవ్వి ఊరుకునేది. ఆ ఊరుకోవడమే ఆయనకి ఒళ్లు మండించేది.

పోనుపోను ఊళ్లో ఆమెకి కుక్కల సిస్టరని పేరు పడింది. ఎవరో ఒకరు బజార్లో ఆపి, "మీరు కుక్కల సిస్టరు వాళ్ల నాన్న కదండీ?" అని అభిమానంగానే అడిగేవాళ్లు. "కాదు, కుట్ల మేస్త్రిని" అని ఈయన మొహం తిప్పుకుని పోయేవాడు.

ఇంట్లో ఉండేది నలుగురు. మేస్త్రి, మేడమీద గదిలో కూతురు, కింద కోడలు, కోడలి కూతురు పిడుగు. కొడుకు ఓడ మీద వంటవాడు. ఒకసారి ఓడెక్కితే నెలల తరబడి ఇంటి మొహం చూడడు. పిడుగుకి ఆ పేరు తాతే పెట్టాడు. ఒకటో తరగతి చదువుతున్న ఆ పిల్ల ఉన్నచోట గ్లాసు నిలబడదు, తలుపు ఊరుకోదు. తాతకి మాత్రం అదే ప్రాణం.

ఒక సెలవునాడు పొద్దున పిడుగు పెన్సిల్ కొనుక్కుంటానని వీధి చివరి కొట్టుకి వెళ్లింది. తిరిగొస్తుంటే నిలిపి ఉన్న తోపుడుబండి కిందనుంచి గోధుమరంగు కుక్క ఒకటి బయటికొచ్చింది. మొరగలేదు, తరమలేదు. ఎగిరి చెంప మీద కరిచి తన దారిన తాను పోయింది. పిల్ల ఇంటికొచ్చేసరికి కంటి కిందనుంచి పెదవి పక్క దాకా చెంప చీలి, గౌను ముందంతా ఎర్రగా తడిసిపోయి ఉంది.

కోడలు కెవ్వుమని అరిచింది. పిల్లని ఒడిలో వేసుకుని, ఆడబిడ్డకి ఫోన్ చేసింది. ఫోన్ చెవి దగ్గర పట్టుకునే ఓపిక లేక స్పీకరు పెట్టింది.

"వదినా, పిడుగుని కుక్క కరిచేసింది! చెంప... చెంపంతా..."

"ఏడవకు, విను. ముందు కుళాయి కింద పెట్టు. సబ్బు రాసి కడుగు. నేనొచ్చేదాకా కడుగుతూనే ఉండు. ఆటో ఎక్కుతున్నా. ఇంకో మాట, నాన్నని సూది మాత్రం ముట్టుకోనివ్వకు!"

ఆ ఆఖరి మాట మేస్త్రి చెవిన పడింది. అంతే, ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"సూది ముట్టుకోకూడదా? నేనా? ఇది పుట్టకముందు నుంచీ సూది పట్టాను! తాతకి దగ్గులు నేర్పుతోంది!"

కోడలు పాపం రెండు మనసుల మధ్య నలిగిపోయింది. వదిన చెప్పినట్టు చెయ్యాలనీ ఉంది, కూతురి చెంప తెరుచుకుని ఉండడం చూడలేకపోతోంది. "మామయ్యగారూ, ఆడపిల్ల మొహమండీ. మచ్చ పడకుండా మీరే ఏదో ఒకటి చెయ్యండి" అంది చివరికి.

ఇంకేం కావాలి? మేస్త్రి స్పిరిట్‌తో గాయం తుడిచాడు. మొద్దుబార్చే మందు చల్లాడు. ఉడకబెట్టి దాచుకున్న సూదీ దారం తీశాడు. తల్లి పిల్ల తల కదలకుండా పట్టుకుంది, పిల్ల అరిచి అరిచి వెక్కిళ్లలోకి దిగింది. మొదటి కుట్టు పడింది, రెండో కుట్టూ పడింది. ఒప్పుకోవాలి, రెండూ రెండు ముత్యాలే. చెంప అంచులు పుట్టినప్పటినుంచీ అలాగే ఉన్నట్టు కలిసిపోయాయి.

మూడో కుట్టుకి సూది దగ్గరకి పెట్టేసరికి వాకిట్లో ఆటో ఆగింది.

"నాన్నా, చెయ్యి తియ్యి."

"అయిపోవచ్చిందే. ఇంకొక్క..."

"చెయ్యి తియ్యమన్నాను."

కేక కాదు. ఆ గొంతు ఆయన ఇంట్లో ఎప్పుడూ వినలేదు. థియేటర్లో విన్నాడు, పెద్ద పెద్ద సర్జన్ల నోట, మనిషి ప్రాణం బల్ల మీద ఊగుతున్నప్పుడు. చెయ్యి దానంతటదే ఆగిపోయింది.

కూతురు మోకాళ్ల మీద కూర్చుని గాయం చూసింది. మొహం పాలిపోయింది గానీ మాట తొణకలేదు.

"ఆ కుక్క నోట్లో ఏముందో మనకి తెలీదు. పిచ్చిదైతే, ఆ విషం ఇప్పుడు ఈ గాయంలోనే ఉంది. దాన్ని కడిగెయ్యాలి. మిగిలింది అక్కడికక్కడే చచ్చేలా మందు గాయంలోకే ఎక్కించాలి. ఆ తర్వాత కూడా గాయం తెరిచే ఉంచాలి. నువ్వేం చేశావు? దొంగని లోపల పెట్టి బయట తాళం వేశావు. సూది దిగిన ప్రతిచోటా వాడికి ఇంకో సందు తీశావు. చెంపకీ మెదడుకీ ఎంత దూరమో నీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. ఎన్నో పుర్రెలు తెరుస్తుంటే పక్కన నిలబడ్డ మనిషి ఆయన. జానెడు కూడా లేదు. మేస్త్రి సూది పక్కన పెట్టేశాడు.

"ఇప్పుడెలా?"

"విప్పాలి."

కోడలు పిల్లని గుండెకి హత్తుకుని వెనక్కి జరిగింది. "విప్పడమేంటి వదినా? చూడు ఎంత బాగా అతుక్కుందో! మళ్లీ చీలుస్తావా? రేపిది పెద్దదై అద్దంలో చూసుకుని ఏడిస్తే ఎవరు జవాబు చెప్తారు?"

"నేను చెప్తాను. నన్ను తిట్టుకో. బతికున్నన్నాళ్లూ తిట్టుకో, పడతాను. కానీ అద్దంలో చూసుకోడానికి పిల్లంటూ ఉండాలి కదా అమ్మాయ్! ఆ జబ్బు బయటపడిందంటే ఇక ఏ డాక్టరూ ఏమీ చెయ్యలేడు."

కోడలి చేతులు సడలిపోయాయి. కూతురు కత్తెర తీసింది. తీసి తను పట్టుకోలేదు, తండ్రి ముందుకి చాపింది.

"నీ ముడి నీకే తెలుసు. దీనికి నొప్పి తెలియకుండా విప్పగలిగింది నువ్వే. విప్పు నాన్నా."

మేస్త్రి తన జన్మలో మానిన గాయాల కుట్లు విప్పాడు గానీ, తను వేసిన కుట్టు తప్పని విప్పింది లేదు. కత్తెర పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు అడ్డొస్తే భుజంతో తుడుచుకున్నాడు. ముడి కింద దారం తెంపి, ఒకటి లాగాడు. రెండోదీ లాగాడు. చెంప మళ్లీ తెరుచుకుంది.

కూతురు పిల్లని ఎత్తుకుని కుళాయి దగ్గరకి పరిగెత్తింది. తల వాల్చి, ధార సన్నగా వదిలి, సబ్బు నురగ చేసి గాయంలోకి పోనిచ్చి కడగడం మొదలెట్టింది. పిల్ల మళ్లీ ఏడుపు అందుకుంది.

"ఏడుస్తూనే చెప్పు. ఎలా కరిచింది? పొద్దున నిద్ర లేచిన దగ్గర్నుంచీ మొదలెట్టు" అంది అత్త.

"నేనూ... పెన్సిలూ..."

"అబ్బే, ముందు పళ్లు తోముకున్నావా లేదా, అది చెప్పు."

పిడుగు వెక్కుతూ వెక్కుతూ చెప్పసాగింది. చెబుతుంటే దానికే హుషారొచ్చింది. కుక్క మొదట మేకంత ఉంది, కాసేపటికి గుర్రమంత అయింది. కథ అయిపోతోందనిపించినప్పుడల్లా అత్త ఇంకో ప్రశ్న వేసేది. తోక ఎలా ఉంది? నువ్వేమని తిట్టావు? కొట్టువాడు ఎటు చూస్తున్నాడు?

"ఈ కబుర్లేంటే ఇప్పుడు?" అన్నాడు మేస్త్రి, ఉండబట్టలేక.

"మా గదిలో ఇంతే నాన్నా. కడుక్కోమంటే రెండు చెంబులు పోసుకుని అయిపోయిందంటారు. గడియారం చూపిస్తే గడియారానికే తొందర నేర్పుతారు. అందుకని కథ చెప్పమంటాను. కథ అయ్యేదాకా కుళాయి కట్టెయ్యకూడదు. కుక్క కరిచినవాడు కథ తొందరగా ముగించడం నేనింతవరకు చూడలేదు."

ఏ పుస్తకంలోనూ ఉండని కిటుకు అది. పనిలో మునిగి తేలినవాళ్లకే తట్టేది. అలాంటివి మేస్త్రి చేతిలోనూ కొన్ని ఉన్నాయి. వాటిని చూసి డాక్టర్లు ఆశ్చర్యపోతే ఎలా ఉబ్బిపోయేవాడో గుర్తొచ్చి, తన కూతుర్ని చూసి ఒక్కనాడైనా ఎవరూ ఆశ్చర్యపోలేదేమోనని మనసు చివుక్కుమంది.

కథ అయ్యాక అందరూ ఆటోలో ఆసుపత్రికి వెళ్లారు. కుక్కకాటు గదిలో ఆయన అదే మొదటిసారి అడుగుపెట్టడం. గది చిన్నదే. ఒక గోడకి వరసగా కుళాయిలు, ప్రతి కుళాయి దగ్గరా సబ్బుముక్క, ఎదురుగా బల్ల, మూల టీకాల ఫ్రిజ్జు. బెంచీ మీద పిక్క పట్టుకుని పోస్టుమాను, పిల్లి గీరిన చెయ్యి ఊదుకుంటూ ఒక ముసలమ్మ. పిల్లని చూడగానే ఇద్దరూ లేచి దారిచ్చారు.

"సిస్టరుగారి నాన్నగారా? ఇలా కూర్చోండి బాబూ" అంది ముసలమ్మ.

"అవునమ్మా" అన్నాడు మేస్త్రి. ఆ మాట నోటినుంచి అంత సులువుగా వస్తుందని ఆయనే అనుకోలేదు.

డ్యూటీ డాక్టరు కుర్రాడే. గాయం చూశాడు, పిల్ల బరువు తూయించి మందు లెక్క కట్టాడు, చేతికి టీకా వేయించాడు. గాయంలోకే ఎక్కించే సీరం సీసా మాత్రం కూతురికే అందించాడు. "కంటి కింద పల్చటి చోటు సిస్టర్. దీనికి నా చెయ్యి చాలదు, మీరే ఇవ్వండి."

మేస్త్రి పిల్ల తల రెండు అరచేతుల మధ్య పట్టుకున్నాడు. పట్టుకుని మనవరాలిని చూడలేక కూతురి చేతుల్ని చూశాడు. ఎవరి చేతులైనా సరే, చూస్తే ఇట్టే తూకం కట్టేస్తాడాయన. సన్నటి సూది గాయం అంచులోకి దిగింది. చుక్క, ఇంకో చుక్క. ఒక్క చుక్క బయటికి కారలేదు. కన్ను పక్కనుందని చెయ్యి బెదరలేదు, మేనకోడలు అరుస్తోందని తొందరపడలేదు. చీలిక పొడుగునా, లోతుకంటా, మందు అందని చోటు లేకుండా నింపుకుంటూ పోయింది. ఆ రెండు కుట్లు పడ్డ రంధ్రాల దగ్గర మరీ నిదానించింది. చెంప ఉబ్బింది. గాయం తెరుచుకునే ఉంది.

నా చెయ్యే అనుకున్నాడు మొదట, ఛాతీ పొంగి. వెంటనే కాదనుకున్నాడు. తన చేతికి మూయడం వచ్చు. తెరిచిన గాయాన్ని తెరిచే ఉంచి, తల్లి శాపనార్థాలకి కూడా సిద్ధపడి నిలబడే గుండె తనకి లేదు. అది దీని సొంతం.

మందు పడ్డాక కాసేపు కూర్చోబెట్టి చూడాలన్నారు. పిడుగు తల్లి ఒడిలో నిద్రపోయింది. బెంచీ మీద తండ్రీ కూతురూ పక్కపక్కన కూర్చున్నారు.

"థియేటర్ వదిలేసి ఈ గదే ఎందుకు కావాలన్నావే?" అన్నాడాయన.

"ఇన్నాళ్లకి అడిగావా నాన్నా?" నవ్వింది. "చదువుకునేటప్పుడు ఒక మేదరి ఆయన్ని తీసుకొచ్చారు. ఎప్పుడో కుక్క కరిస్తే పసరు రాసుకుని ఊరుకున్నాడట. దాహం, దాహం అనేవాడు, గ్లాసు చూపిస్తే వణికిపోయేవాడు. అంతమంది డాక్టర్లం, నర్సులం గోడకి ఆనుకుని నిలబడ్డాం. చెయ్యడానికేమీ లేదు. మొదట్లో ఒక సబ్బుముక్కా నాలుగు సూదులూ ఉంటే బతికుండేవాడు. అప్పుడే అనుకున్నా, నేనుండాల్సింది ఆ మొదటి చోటే అని."

మేస్త్రి ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుని కాసేపు అలాగే ఉంచుకున్నాడు.

తర్వాత రెండో మూడో రోజున పాలవాడు వార్త మోసుకొచ్చాడు. ఆ గోధుమరంగు కుక్క గోదాము వెనకాల నోటినిండా నురగతో చచ్చిపడి ఉందట. మున్సిపాలిటీవాళ్లు పట్టుకెళ్లి పరీక్ష చేయించారు. పిచ్చికుక్కే. ఆ మాట వినగానే మేస్త్రి మెట్ల మీద కూలబడ్డాడు. తను వేసిన ఆ రెండు ముత్యాలూ కళ్లముందు కనబడ్డాయి. ఎంత అందంగా కలిశాయవి!

"భయం లేదు నాన్నా. సకాలంలో కడిగాం, సీరం పడింది. మిగతా టీకాలు తేదీ తప్పకుండా వేయిస్తే చాలు" అంది కూతురు. ఆవిడ చాలంటే చాలన్నట్టే. ఆయన లేచి నిలబడ్డాడు.

నిలబడి ఊరుకున్నాడా! పేట మీద పడ్డాడు. ఆ కుక్క ఇంకెవరిని కరిచిందో, ఎవరిని గీరిందో ఇంటింటికీ తిరిగి ఆరా తీశాడు. గోదాము కాపలావాడు లుంగీ కిందికి లాక్కుంటూ, "చిన్న గాటేనండీ, కారం అద్దాను" అని నసిగాడు. "కారం కూరలో వేసుకో! నడు!" అని మెడ మీద చెయ్యి వేసి నడిపించుకుపోయాడు. పోతూ పోతూ దారిపొడుగునా ఒకటే మాట, మా అమ్మాయి చూసుకుంటుంది, మా అమ్మాయి చెయ్యి పడితే చాలు అని. కాపలావాడికి కాటు నొప్పి కంటే ఆ పొగడ్తల నొప్పే ఎక్కువైంది.

టీకాలు పూర్తయ్యాయి. చెంప తనంతట తానే పూడుకుంది. పూడుకుంది గానీ మచ్చ మిగిలింది. గులాబీరంగులో, కాస్త వెడల్పుగా, వంకరగా. పిడుగు నవ్వితే ఒక పక్క చెంప కొంచెం లాగినట్టు కనిపించేది. అది మాత్రం ఏమీ పట్టించుకోలేదు. గుర్రమంత కుక్క కథ బడి మొత్తానికీ చెప్పేసింది.

ఓడ ఒడ్డుకి చేరి కొడుకు ఇంటికొచ్చాడు. సముద్రం మీద ఉన్నవాడిని బెంగపెట్టడం ఎందుకని, కుక్క గీరిందనీ ఇంజెక్షన్లు అయ్యాయనీ మాత్రమే ఫోన్లో చెప్పారు. చెప్పడం వేరు, చూడడం వేరు కదా. పరిగెత్తుకొచ్చిన కూతురి గడ్డం పట్టుకుని వెలుతురులోకి తిప్పాడు. మొహం ఎర్రబడింది.

"ఏంటిది? గీరడం ఇదా? ఇలా వదిలేశారేంటి? ఊరందరికీ కుట్లేసే మనిషి ఇంట్లోనే ఉన్నాడు! అక్కా, నువ్వు నర్సువి! ఒక్కరికీ పిల్ల మొహం కుట్టాలని తోచలేదా?"

మేస్త్రి కూతురు తల వంచుకుంది. కోడలు నేల చూపులు చూసింది. ఇద్దరిలో ఒక్కరూ నోరు విప్పలేదు. ఎందుకు విప్పలేదో మేస్త్రికి అర్థమైంది. ఆయన కుట్టిన సంగతి గానీ విప్పిన సంగతి గానీ ఆ గడప దాటలేదు. ముసలాయన పరువు పోకూడదని, మాట పడడానికి కూతురు అలా నిలబడింది. ఇప్పుడు తను మౌనంగా ఉంటే చాలు, పేరు పేరుగానే ఉంటుంది.

"కుట్టానురా" అన్నాడు మేస్త్రి. "మీ అక్క వద్దని ఫోన్లో చెప్పినా వినకుండా కుట్టాను. నా అంతవాడు లేడనుకుని కుట్టాను. ఆ కుక్క పిచ్చికుక్క. ఆ కుట్లు అలాగే ఉండి ఉంటే, నువ్వీ పూట ఈ పిల్ల గడ్డం పట్టుకుని నన్ను కోప్పడేవాడివి కాదు."

కొడుకు చేతిలోంచి పిల్ల గడ్డం జారింది.

"మీ అక్క వచ్చి విప్పమంది. మీ ఆవిడ శాపనార్థాలకి సిద్ధపడి విప్పమంది. విప్పాను. ఈ చేతుల్తో లెక్కలేనన్ని కుట్లేశాను. అవన్నీ ఒక ఎత్తు, దీని చెంప మీద విప్పిన ఆ రెండూ ఒక ఎత్తు. తప్పు చేస్తున్నావు, చెయ్యి తియ్యి అని నా మొహం మీద చెప్పగలిగిన మనిషి ఇన్నేళ్లలో ఒక్కతే తగిలింది. అది నా కూతురు."

"చాల్లే నాన్నా" అంది ఆమె.

"చాలదు" అన్నాడు మేస్త్రి.